వైఫై లేకుండా కొత్త ట్యాబ్ సెటప్ చేసుకోవడం ఎలా?

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. నెట్ అంటే ఫోన్‌లో రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీయే. కొత్త ట్యాబ్ ఆన్ చేయగానే భాష ఏదో అడిగి, వెంటనే వైఫై కావాలంటుంది. కొందరు అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు కంగారుగా హాట్‌స్పాట్ ఇచ్చేస్తారు, గంట తిరిగేసరికి ఆ రోజు డేటా అంతా అప్‌డేట్ల పాలవుతుంది. ముందు నెట్ లేకుండా సెటప్ ముగించి, ఆ తర్వాత హాట్‌స్పాట్ ఇస్తే ఈ తిప్పలు ఉండవు. ఇదంతా ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల గురించి. ఐప్యాడ్ పద్ధతి వేరు, అది చివర్లో ఉంది.

ముందు పెట్టె మీద చూడండి

పెట్టె మీద "వైఫై" అని మాత్రమే ఉంటే ఆ ట్యాబ్‌లో సిమ్ పనిచేయదు. "ఎల్‌టీఈ" (అంటే 4జీ) అనో "5జీ" అనో ఉంటే పనిచేస్తుంది. వైఫై మోడల్‌కు కూడా పక్కన చిన్న ట్రే ఉండొచ్చు, కానీ అది మెమరీ కార్డు కోసం. అందులో సిమ్ పెట్టి బలవంతంగా నొక్కితే ట్రే పాడవుతుంది.

సిమ్ ట్యాబ్ అయితే ఆన్ చేయకముందే నానో సిమ్ వేయండి. సిగ్నల్ గీతలు కనిపిస్తున్నా నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ కింద ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కు ట్యాబ్‌ను కలిపే పేరు) చూడండి. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

నెట్ లేకుండా సెటప్

1. ట్యాబ్‌ను కనీసం సగం దాకా ఛార్జ్ చేయండి.

2. భాష ఎంచుకుని, షరతులకు ఒప్పుకున్నాక వైఫై పేజీ వస్తుంది. దాని అడుగున "స్కిప్" అనో "సెటప్ ఆఫ్‌లైన్" అనో ఉంటుంది. నొక్కితే ఫలానావి పనిచేయవని హెచ్చరిస్తుంది. పర్వాలేదు, "కంటిన్యూ" నొక్కండి.

3. తేదీ, సమయం అడిగినప్పుడు తొందరపడి దాటేయొద్దు. నెట్ లేదు కాబట్టి ట్యాబ్‌కు ఈరోజు తేదీ తెలియదు. పాత తేదీ అలాగే ఉండిపోతే తర్వాత నెట్ ఇచ్చినా గూగుల్ లాగిన్ కాకపోవచ్చు. సైట్ల భద్రతా సర్టిఫికెట్లను ట్యాబ్ ఆ తేదీతోనే సరిచూస్తుంది మరి. టైమ్ జోన్ ఇండియా, జీఎంటీ ప్లస్ 5:30 పెట్టండి.

4. పిన్ పెట్టుకుని ముగించండి. హోమ్ స్క్రీన్ వచ్చేస్తుంది. కెమెరా, గ్యాలరీ, క్యాలిక్యులేటర్ లాంటివి అప్పుడే వాడుకోవచ్చు. పాత ఫోన్ నుంచి డేటా తెచ్చుకోవడం, గూగుల్ ఖాతా కలపడం తర్వాతైనా కుదురుతుంది.

స్కిప్ అసలు కనిపించకుండా పాత జీమెయిల్ అడిగితే, ఆ ట్యాబ్ ఇంతకుముందు ఎవరి ఖాతాతోనో వాడినదని అర్థం. సెకండ్ హ్యాండ్ ట్యాబ్‌లలో ఇది మామూలే. ఆ ఖాతా పాస్‌వర్డ్ లేనిదే ముందుకు వెళ్లదు. కొన్ని షాపుల్లో "మేమే సెటప్ చేసిస్తాం" అని వాళ్ల జీమెయిల్ పెట్టి ఇస్తుంటారు, దానికి ఒప్పుకోవద్దు. రేపు ట్యాబ్ మొరాయించి రీసెట్ చేయాల్సి వస్తే అది ఆ జీమెయిల్‌నే అడగొచ్చు.

ఇప్పుడు హాట్‌స్పాట్

ఫోన్ హాట్‌స్పాట్ ట్యాబ్‌కు మామూలు వైఫై లాగే కనిపిస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో "హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్" తెరవండి. శాంసంగ్‌లో ఇది "కనెక్షన్స్" కింద ఉంటుంది. ఫోన్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ పనిచేయదు, ముందు దాన్ని ఆపండి.

ట్యాబ్‌లో హాట్‌స్పాట్ పేరు కనిపించకపోతే చాలాసార్లు బ్యాండే కారణం. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుంటుంది, తక్కువ ధర ట్యాబ్‌లలో కొన్ని 2.4 మాత్రమే పట్టుకుంటాయి. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్‌ను 2.4కు మార్చండి. ఐఫోన్‌లో అయితే "మాక్సిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయండి. పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కు మార్చి చూడండి. కాసేపటికి దానంతటదే ఆగిపోతుంటే ఆటో ఆఫ్ టైమర్‌ను తీసేయండి.

కలిసిన వెంటనే ట్యాబ్‌లో ఆ వైఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, "మీటర్డ్" అని పెట్టండి. ఇది పరిమిత డేటా అని ట్యాబ్‌కు చెప్పడమన్నమాట. పెద్ద డౌన్‌లోడ్‌లు చాలావరకు ఆగుతాయి. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్‌ను ట్యాబ్ తనంతట తానే మీటర్డ్‌గా గుర్తిస్తుంది, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

తర్వాత గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వండి. రెండంచెల ధ్రువీకరణ ఉంటే ఫోన్‌కు వచ్చే నోటిఫికేషన్‌లో "యెస్" నొక్కాలి, కాబట్టి ఫోన్ చేతిలోనే ఉంచుకోండి. లాగిన్ కాగానే ప్లే స్టోర్ తెరిచి, ప్రొఫైల్ బొమ్మ నొక్కి, సెట్టింగ్స్, నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్, ఆటో అప్‌డేట్ యాప్స్ వరకు వెళ్లి "డోంట్ ఆటో అప్‌డేట్" ఎంచుకోండి. అప్పటికే వరసలో నిలబడ్డ డౌన్‌లోడ్‌లు ఉంటే రద్దు చేయండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ కూడా ఆపండి. ఇవన్నీ అయ్యాకే కావాల్సిన యాప్‌లు ఒక్కొక్కటిగా వేసుకోండి. సిస్టమ్ అప్‌డేట్ 1 జీబీ దాటడం మామూలే, దాన్ని మరో రోజుకు ఉంచుకోండి. మానేయొద్దు, భద్రతా సవరణలు అందులోనే వస్తాయి.

రోజువారీ డేటా ప్లాన్ వాడేవాళ్లకు మంచి సమయం రాత్రి పదకొండున్నర. కోటా అర్ధరాత్రి మారుతుంది కాబట్టి ఈరోజు మిగిలింది పన్నెండు లోపు వాడేసి, ఆపైన రేపటి దాంట్లోంచి కొంత వాడుకోవచ్చు. కోటా అయిపోతే చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. ఆ వేగంతో లాగిన్ పేజీ కూడా తెరుచుకోకపోవచ్చు, ట్యాబ్ పాడైందని అనుకోకండి.

నెట్ ఉన్నప్పుడే జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డు) తెలుగు చేర్చండి, ట్రాన్స్‌లేట్‌లో తెలుగు ఆఫ్‌లైన్ ఫైలు, మ్యాప్స్‌లో మీ జిల్లా డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ తర్వాత వీటికి నెట్ పెద్దగా అక్కర్లేదు.

పాఠాల వీడియోలు, పీడీఎఫ్‌లు హాట్‌స్పాట్ మీద మళ్లీ దించుకోవడం దండగ. ఫోన్‌లో ఉంటే క్విక్ షేర్‌తో (దగ్గర్లోని పరికరాలకు నేరుగా ఫైళ్లు పంపే ఆండ్రాయిడ్ సదుపాయం) పంపండి, దానికి డేటా ఖర్చు కాదు. కంప్యూటర్‌లో ఉంటే మెమరీ కార్డులో వేయండి. కార్డు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలు అందులో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ అయితే ఎక్కుతుంది. మీ ట్యాబ్ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో ముందు చూసుకోండి.

ఐప్యాడ్ అయితే

ఐప్యాడ్‌ను పూర్తిగా నెట్ లేకుండా మొదలుపెట్టడం కుదరదు. మొదటిసారి ఆపిల్ సర్వర్‌తో యాక్టివేట్ కావాల్సిందే. హాట్‌స్పాట్ చాలు. సెల్యులార్ మోడల్ అయితే సిమ్ చాలు. రెండూ లేకపోతే నెట్ ఉన్న మ్యాక్‌కో, ఐట్యూన్స్ ఉన్న విండోస్ కంప్యూటర్‌కో కేబుల్‌తో కలపాలి. ఐఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తుంటే ఐప్యాడ్ కలిసేదాకా "పర్సనల్ హాట్‌స్పాట్" పేజీ తెరిచే ఉంచండి. ఆపిల్ ఖాతాను తర్వాత కలుపుకోవచ్చు. హోమ్ స్క్రీన్ రాగానే వైఫై పేరు పక్కనున్న "ఐ" గుర్తు నొక్కి "లో డేటా మోడ్" ఆన్ చేయండి. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆగుతాయి.