విక్టోరియా పల్లెటూళ్ళ గుర్రపు రైఫిల్ దళం చరిత్ర తవ్వాలంటే ఎక్కడ మొదలెట్టాలి

మెల్బోర్న్‌లో సెటిలైన మనవాళ్ళు చాలామంది వీకెండ్ వస్తే కారేసుకుని కిల్మోర్, యురోవా, బెనల్లా వైపు వెళ్తుంటారు కదా, ఆ దారిలో చాలా ఊళ్ళల్లో మెయిన్ రోడ్డు పక్కనే యుద్ధ స్మారకం కనపడుతుంది, కొన్నిటి మీద 1899-1902 బోయర్ యుద్ధం (దక్షిణాఫ్రికాలో బ్రిటన్‌కీ, అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతి బోయర్లకీ జరిగింది) నాటి పేర్లు కూడా ఉంటాయి. ఆ పేర్ల వెనకాల ఎక్కువగా తగిలే దళం విక్టోరియన్ మౌంటెడ్ రైఫిల్స్. దీని గురించి రాయాలనుకునేవాళ్ళు నేరుగా దక్షిణాఫ్రికా యుద్ధంలోకి దూకేస్తారు, దయచేసి అలా చెయ్యొద్దు. ఒక్క ఊరు పట్టుకోండి, ఆ ఊళ్ళో దళం ఎలా నడిచిందో ముందు చూడండి, యుద్ధం సంగతి తర్వాత.

ముందు బ్యాక్‌గ్రౌండ్ కొంచెం తెలియాలి. 1880ల మొదట్లో విక్టోరియా కాలనీ పాత వాలంటీర్ పద్ధతి తీసేసి జీతమిచ్చే మిలీషియా, అంటే పార్ట్‌టైమ్ సైన్యం పెట్టింది, కానీ అది సిటీ వాళ్ళకే సరిపోయింది, పల్లెల్లో రైతులు బయటే ఉండిపోయారు. 1885లో అఫ్ఘన్ సరిహద్దు దగ్గర రష్యాకీ బ్రిటన్‌కీ గొడవ ముదిరి, రష్యా ఓడలు వచ్చి పడతాయేమోనని కాలనీల్లో అందరికీ భయం పట్టుకుంది. ఆ ఏడాదే టామ్ ప్రైస్ అనే ఆఫీసర్ పల్లె వాలంటీర్లతో ఈ దళాన్ని లేవదీశాడు. ఈయన హోబార్ట్‌లో పుట్టినా ఉద్యోగం చేసింది మన మద్రాసు ఆర్మీలో, 1883లో రిటైరై వెళ్ళాడు. అంటే ఈ కథకి ఒక కొస మన వైపే ఉంది, ఆయన ఇండియా సర్వీసు చూడాలంటే లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న పాత ఇండియా ఆఫీసు రికార్డులే దిక్కు.

ఇంకో లింకు కూడా ఉంది, ఆ గుర్రాలు. ఆస్ట్రేలియాలో పెంచిన వేలర్ గుర్రాలనే ఓడల్లో మద్రాసుకీ కలకత్తాకీ తెచ్చి ఇక్కడి సైన్యానికి అమ్మేవాళ్ళు.

ఇప్పుడు అసలు పని. ఈ దళంలో ఒప్పందం సింపుల్, గుర్రం నీది, రైఫిలూ యూనిఫారమూ ప్రభుత్వానివి, జీతం లేదు. ఇది గుర్తుపెట్టుకుంటే మీ రీసెర్చ్ ఎటు పోవాలో దానంతటదే తెలుస్తుంది, ఎందుకంటే జీతం లేకుండా గుర్రం మేపుకుంటూ పరేడ్ రోజున పొలం పని వదిలేసి రాగలిగినవాడు ఎవడు అన్నదే మొదటి ప్రశ్న. పేర్లు దొరికాక విక్టోరియా స్టేట్ ఆర్కైవ్స్‌లో భూమి ఫైళ్ళు తీయించండి. సెలెక్టర్లు అంటే ప్రభుత్వం దగ్గర భూమి తీసుకుని వాయిదాల్లో కట్టుకున్న రైతులు, వాళ్ళ ఫైళ్ళల్లో ఎన్ని ఎకరాలు, కంచె ఎంత దూరం వేశాడు, ఇల్లు దేంతో కట్టాడు, ఏ పంట వేశాడు అన్నీ ఉంటాయి. నాకైతే సైన్యం రిపోర్టుల కన్నా ఇవే ఎక్కువ మాట్లాడతాయి అనిపిస్తుంది.

పేర్లు ఎక్కడ దొరుకుతాయి అంటే ట్రోవ్. ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ళ సైట్, ఫ్రీ, పాత పేపర్లు చాలా స్కాన్ చేసి పెట్టారు, యురోవా, కిల్మోర్ లాంటి చిన్న ఊళ్ళ పేపర్లు కూడా. దళం పూర్తి పేరొక్కటే కొట్టి ఊరుకోకండి, ఊరి పేరు పక్కన మౌంటెడ్ రైఫిల్స్ అని కొట్టండి, వీఎంఆర్ (VMR) అనే మూడక్షరాలు చుక్కలతో ఒకసారి, చుక్కల్లేకుండా ఒకసారి కొట్టండి, సంవత్సరాలు 1885 నుంచి 1903 దాకా పెట్టండి. వార్తలు పెద్ద హెడ్డింగులతో రావు, పరేడ్ నోటీసు, షూటింగ్ పోటీ స్కోర్లు, దళం డాన్సు పార్టీ, ఈస్టర్ క్యాంపుకి రైల్లో గుర్రాలు ఎక్కించడం, ఇలాంటి రెండు మూడు లైన్ల ముక్కల్లో ఉంటాయి, స్కోర్ల లిస్టే మీకు మెంబర్ల లిస్టు. ఆఫీసర్ల నియామకాలు మాత్రం ప్రభుత్వ గెజిట్‌లో తేదీతో సహా దొరుకుతాయి.

మౌంటెడ్ రైఫిల్స్ అంటే కత్తులు దూసి దూకే అశ్విక దళం కాదు, ఇది తేడా తెలియకుండా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వీళ్ళకి గుర్రం చోటుకి చేరడానికే, చేరాక దిగి నేల మీద నుంచి కాలుస్తారు. నలుగురు ఒక సెక్షన్, అందులో ఒకడు నాలుగు గుర్రాలూ పట్టుకుని వెనక ఉంటాడు, కాల్చేది ముగ్గురే. అంటే ఎంతమంది ఉన్నారని పేపర్లో రాసినా అందులో పావు వంతు తుపాకీ పేల్చలేదని లెక్క వేసుకోవాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది పేరు దగ్గర. 1885 నాటి పల్లె దళం పేరు విక్టోరియన్ మౌంటెడ్ రైఫిల్సే, 1901లో దక్షిణాఫ్రికా వెళ్ళిన ఐదో కంటింజెంట్ (యుద్ధానికని విడిగా పంపిన బృందం) పేరు కూడా ఐదో విక్టోరియన్ మౌంటెడ్ రైఫిల్సే. రెండూ ఒకటి కాదు, కంటింజెంట్‌లో అంతకుముందు ఏ దళంలోనూ లేనివాళ్ళు బోలెడంతమంది చేరారు. కాబట్టి స్మారకం మీద పేరుందని వాడు ఊరి దళం మెంబర్ అని రాసేయొద్దు, 1911లో ప్రభుత్వం వేసిన అధికారిక రికార్డులో కంటింజెంట్ జాబితా చూసి, నేషనల్ ఆర్కైవ్స్‌లో బోయర్ యుద్ధం ఫైలు ఉంటే చూసి, దాన్ని ఊరి పేపర్‌తో సరిపోల్చి అప్పుడు రాయండి.

నచ్చని విషయాలు కూడా వదలకండి. 1890 ఓడరేవు సమ్మె అప్పుడు మెల్బోర్న్‌లో పెద్ద సభ జరగబోయే ముందు ప్రైస్ తన మనుషులతో, కాల్చాల్సి వస్తే కిందికి గురిపెట్టి పడగొట్టండి అన్నాడు, ఆ రోజు ఎవరూ కాల్చలేదు గానీ ఆ మాట ఆయన్ని జీవితాంతం వదల్లేదు. సమ్మె చేసినవాళ్ళ వైపు నుంచి కూడా ఆ వారం పేపర్లు చదవండి. అలాగే 1901 జూన్ 12 రాత్రి దక్షిణాఫ్రికాలోని విల్మన్స్‌రస్ట్‌లో బోయర్లు ఐదో కంటింజెంట్ క్యాంపు మీద పడి 18 మందిని చంపేశారు, 42 మందికి గాయాలు, తర్వాత బ్రిటిష్ జనరల్ వీళ్ళని పిరికివాళ్ళని తిట్టడం, తిరుగుబాటుకి రెచ్చగొట్టారని ముగ్గురికి మరణశిక్ష వేసి తగ్గించడం, ఇదంతా రికార్డులోనే ఉంది.

అదే కంటింజెంట్‌లో లెస్లీ మేగర్ ఉన్నాడు, యురోవా వైపు రైతు, 1891లో ఊరి దళంలో చేరినవాడు, ఇతను మాత్రం రెండిట్లోనూ ఉన్నాడు. 1901 నవంబర్ 23న శత్రువు 200 గజాల్లోకి వచ్చేసిన టైములో తోటివాడి గుర్రం తూటా తగిలి పడిపోతే దిగి వాణ్ణి తన గుర్రం మీద ఎక్కించాడు, ఆ గుర్రం బెదిరి బురదలోకి పోయింది, దాన్ని బయటికి లాగి చూస్తే ఇద్దర్నీ మోసేలా లేదు, మళ్ళీ వాణ్ణే ఎక్కించి పరిగెత్తించి తను నడిచి వచ్చాడు. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది నాకు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో పాలస్తీనాలోని బీర్షెబా దగ్గర గాయపడి చనిపోయాడు.

ఫొటోలు దొరికితే టోపీ చూడండి. ఈ దళం మామూలు రైతుల ఫెల్ట్ టోపీకే కుడి అంచు పైకి మడిచింది, రైఫిల్ భుజానికెత్తేటప్పుడు తగలకుండా. ఆ తర్వాత ఆస్ట్రేలియా సైన్యం మొత్తానికీ ఎడమ మడతే స్థిరపడింది. కుడి మడత కనిపిస్తే పాత విక్టోరియా కాలం అని అనుమానించొచ్చు, కానీ ప్రింటు అద్దంలోలా కుడి ఎడమలు తారుమారై ఉండొచ్చు కాబట్టి చొక్కా గుండీలు ఏ వైపున్నాయో చూసి నిర్ధారించుకోండి. 1903లో ఈ దళాలు లైట్ హార్స్ (గుర్రాల మీద వెళ్ళే ఆస్ట్రేలియా సైన్యం) రెజిమెంట్లుగా మారాయి కాబట్టి మీ కథ అక్కడ ఆపినా తప్పు లేదు.

ఒక్క పని మాత్రం చెయ్యండి. ట్రోవ్‌లో కంప్యూటర్ చదివిన పాఠంలో పేర్లు చాలాచోట్ల తప్పుగా పడి ఉంటాయి, ఎవరైనా లాగిన్ అయి సరిచెయ్యొచ్చు. మీరు వాడుకున్న ప్రతి వార్తలో పేర్లు దిద్దేసి పొండి, రేపు వాళ్ళ మునిమనవడు వెతికితే దొరుకుతుంది.