‘ఎవరొచ్చినా ఒకటేలే’ అనేవాళ్లని కదిలించడం ఎలా?

ఓటు రోజు ఇంట్లో పడుకునేవాళ్లు, వీధి మీటింగ్ అంటే మొహం తిప్పుకునేవాళ్లు మీ చుట్టుపక్కల ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లని కదిలించాలనుంటే ముందు ఉపన్యాసాలు మానేయండి. హక్కు, బాధ్యత అంటూ నేను చాలామందికి క్లాసు పీకాను, ఒక్కరూ కదల్లేదు సరికదా నన్ను చూస్తే పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టారు.

వాళ్లది బద్ధకం అనుకోవద్దు. ఎప్పుడో ఒకసారి అర్జీ పెట్టి, తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లు వాళ్లలో చాలామందే ఉంటారు. అందుకే మొదటిసారి ఓటు ఊసే ఎత్తకుండా, "ఈ వీధిలో మీకు బాగా చిరాకు తెప్పించేది ఏంటి?" అని అడిగి, ఊరుకుని వినండి. మా పక్కింటావిడని అడిగితే "చెప్పి ఏం లాభం బాబూ" అంటూనే అరగంట చెప్పారు. మలుపు దగ్గర లైటు వెలగదు, రాత్రి డ్యూటీ నుంచి ఫోన్ వెలుతురులో నడిచి వస్తున్నారట. రెండేళ్ల కిందట ఇచ్చిన ఫిర్యాదు రశీదు నాలుగు మడతలు పెట్టి ఇంకా పర్సులోనే ఉంచుకున్నారు. అది చూశాక ఈవిడకి పట్టింపు లేదని ఎలా అంటాం?

అలాంటి ఒక్క సమస్యే పట్టుకోండి, పది వద్దు. అది ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి, ఎందుకంటే వీధి లైటుకి కూడా దేశాన్నేలేవాళ్లని తిట్టి ఊరుకునేవాళ్లే ఎక్కువ. మీరొక్కరే వెళ్లిరాకండి, వాళ్లని వెంట తీసుకెళ్లండి, మాట్లాడేది కూడా వాళ్లనే మాట్లాడనివ్వండి. తర్వాత ఏమైందో తప్పకుండా వెళ్లి చెప్పండి. పని కాకపోయినా "పదిహేను రోజులు గడువడిగారు" అని చెప్పండి, లేదంటే జవాబివ్వనివాళ్ల లిస్టులో మీరూ చేరిపోతారు.

బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరంలో 1989లో ఇదే సంగతి పెద్ద ఎత్తున తేలింది. నగర బడ్జెట్‌లో కొంత భాగం దేనికి ఖర్చు పెట్టాలో పేటల వారీగా జనమే కూర్చుని తేల్చుకునే పద్ధతి పెట్టారు. పేదవాళ్లు, పెద్దగా చదువుకోనివాళ్లు కూడా బాగా వచ్చారు, ఎందుకంటే తాము చెయ్యెత్తి అడిగిన మురుగు పైపు తమ వీధిలోనే పడటం కళ్లారా చూశారు.

ఓటు సంగతికొస్తే, ఆస్ట్రేలియాలో 1922లో అరవై శాతం లోపే పోలైంది, 1924లో ఓటు తప్పనిసరి చేశాక 1925లో తొంభై ఒక్క శాతం దాటింది. మీకు జరిమానా వేసే అధికారం లేదు కాబట్టి వేరే దారి చూసుకోవాలి. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 1998లో పరిశోధకులు గడప గడపకీ మనుషుల్ని పంపితే ఓటింగ్ పెరిగింది, డబ్బిచ్చి చేయించిన ఫోన్ కాల్స్‌తో మాత్రం ఏమీ కాలేదు. కాబట్టి గ్రూపులో మెసేజ్ పడేసి పనైపోయిందనుకోకండి, వెళ్లి తలుపు తట్టండి.

వెళ్లాక "ఓటేస్తారు కదా?" అంటే అందరూ తలూపుతారు. దానికి బదులు ఎన్నింటికి వెళ్తారు, ఎక్కడి నుంచి బయల్దేరతారు, అంతకుముందు ఏం పనుంటుంది అని అడగండి. పెన్సిల్వేనియాలో 2008లో ఇలా అడిగి చూస్తే ఓటేసినవాళ్లు నాలుగు శాతం దాకా పెరిగారు, అదీ ముఖ్యంగా ఒక్కరే ఓటరున్న ఇళ్లల్లో. నలుగురున్న ఇంట్లో ఆ మాట ఎలాగూ వస్తుంది, అడిగేవాళ్లు లేనిది ఒంటరివాళ్లకే, అందుకని ముందు వాళ్ల ఇంటికే వెళ్లండి. జాబితాలో పేరుందో లేదో మాత్రం గడువు ముగియకముందే చూడాలి, ఆ రోజు లైన్లో నిలబడ్డాక పేరు లేదంటే ఆ మనిషి మళ్లీ రాడు.

"ఈ రోజుల్లో ఎవరూ ఓటేయట్లేదు" అని వాపోవద్దు, ఎవరూ వేయనప్పుడు నేనెందుకు అనిపిస్తుంది. ఎవరికి వేయాలో అసలే చెప్పొద్దు, చెప్పారంటే అంతకుముందు లైటు కోసం తిరిగిందంతా పార్టీ పనే అనుకుంటారు.

ఆ లైటు వెలగడానికి ఏడు వారాలు, నాలుగుసార్లు తిరుగుడు పట్టింది. తర్వాతి ఎన్నికల్లో ఆవిడ ఓటేశారో లేదో నేను అడగలేదు. మొన్న మురుగుకాలువ గురించి అర్జీ మాత్రం ఆవిడే రాసి, నా సంతకం కోసం మా ఇంటికొచ్చారు.