క్రాంకు గ్రైండింగ్ చేయించాక ఇంజన్ అదురుతోందా, బేరింగులు కాలుతున్నాయా?

ఇక్కడ చెప్పేది నాలుగు సిలిండర్ల ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ గురించి. క్రాంకు అంటే పిస్టన్ల కదలికని తిప్పుడుగా మార్చే ఇరుసు. అరిగిన దాని పిన్నులని (బేరింగులో తిరిగే గుండ్రటి భాగాలని) రాయితో సానపట్టడమే గ్రైండింగ్. మీ ఇంజన్ మాన్యువల్లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

సమస్య: రేసు ఇచ్చేకొద్దీ అదురు పెరుగుతోంది

ముందు స్లోలో ఎలా ఉందో చూడండి. స్లోలోనే కుదుపు ఉంటే ఇంజెక్టర్ పైపు నట్లు గుడ్డ కప్పి ఒక్కొక్కటీ వదులు చేయండి. ఏది వదిలినా ఇంజన్ శబ్దం మారాలి. మారని సిలిండర్ పని చేయట్లేదన్నమాట, క్రాంకు దింపే పని లేదు. కామన్ రైల్ ఇంజన్లో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపులో చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ నిలిపేది) మాత్రం ఇలా చేయొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరుతుంది.

స్లోలో బాగుండి, రేసుతో పాటే అదురు పెరిగితే బాలెన్స్ తప్పినట్టే. అయితే నేరం గ్రైండింగ్ రాయిది కాకపోవచ్చు. చుట్టూ సమానంగా పావు మిల్లీమీటరు తీసినంత మాత్రాన బరువు ఒక పక్కకి ఒరగదు. ఫ్లైవీల్ గుర్తు తప్పి బిగించడం, క్లచ్ కవర్ మార్చడం, సంపులో (కింది ఆయిల్ తొట్టిలో) అదురు తగ్గించే బాలెన్సర్ ఉన్న ఇంజన్లో గేరు ఒక పన్ను తప్పడం, ముందు ఇవి చూడాలి.

అన్నీ సరిగ్గా ఉంటేనే బాలెన్సింగ్ మెషీన్ ఎక్కించండి. మొదట క్రాంకు ఒక్కటే, తర్వాత ఫ్లైవీల్ బిగించి, చివర క్లచ్ కవర్‌తో. అన్నీ కలిపి ఒకేసారి చేస్తే రేపు క్లచ్ మార్చినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. తిరిగే కేంద్రం నుంచి 100 మి.మీ. దూరంలో 10 గ్రాములు ఎక్కువుంటే 2200 ఆర్‌పీఎం దగ్గర అది ఐదు కిలోలకి పైగా బలంతో లాగుతుంది. బరువున్న వైపు కౌంటర్ వెయిట్‌లో (క్రాంకుకి ఉండే ఎదురు బరువు ముద్దలో) 10 మి.మీ. డ్రిల్లు 10 మి.మీ. లోతు దింపితే దాదాపు 6 గ్రాములు పోతాయి. కొద్దికొద్దిగా తీయండి, తీసింది మళ్లీ అతకలేం.

సమస్య: కొత్త షెల్స్ (బేరింగు రేకులు) కొన్ని గంటలకే కాలిపోయాయి

పాత షెల్ పారేయొద్దు, కారణం దాని మీదే ఉంటుంది. రెండు అంచులే మెరిస్తే, పిన్ పక్క గోడని కలిసే మూలలోని గుండ్రం పెద్దదై షెల్ దాని మీదికి ఎక్కింది. గీతలు పడితే ఆయిల్ దారిలో గ్రైండింగ్ పొడి మిగిలింది. ఆ దారి మూసిన ప్లగ్గులు తీసి, బ్రష్‌తో కడిగి, గాలి కొట్టాలి. మొత్తం నల్లబడి పిన్ నీలం తిరిగితే ఆయిల్ అందలేదు, లేదా పిన్‌కీ షెల్‌కీ మధ్య సందు తక్కువైంది.

60 మి.మీ. పిన్‌కి సందు సుమారు 0.06 మి.మీ. ఉండాలి. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే మెత్తని దారం) ముక్కని ఆయిల్ తుడిచిన పిన్ మీద పొడుగువారీగా పెట్టి, బేరింగు క్యాప్‌ని టార్క్ రెంచితో బిగించి విప్పండి. మధ్యలో క్రాంకు తిప్పితే కొలత చెడిపోతుంది. నలిగిన గీత ఒక కొసన వెడల్పు, మరో కొసన సన్నం అయితే పిన్ టేపరుగా (ఒక కొస లావు, ఒక కొస సన్నంగా) వచ్చింది. అది తర్వాతి అండర్ సైజుకే (పిన్ అసలు కొలత నుంచి తగ్గించే తర్వాతి మెట్టుకే): 0.25 నుంచి 0.50 మి.మీ.కి.

ఆయిల్ రంధ్రం అంచు గోటికి తగిలితే షెల్‌ని గీకేస్తుంది. ఆ పదును అంచు కొద్దిగా అరగదీసి, క్రాంకు ఇంజన్లో తిరిగే దిశలోనే పాలిష్ పట్టించాలి.

సమస్య: క్రాంకు విరిగింది

విరుగు పిన్ మూలలో మొదలైతే అక్కడ గుండ్రం లేకుండా రాయి నిటారుగా దిగిందని అర్థం. షాపు నుంచి తెచ్చుకునే ముందే రేడియస్ గేజ్ (మూల గుండ్రం కొలిచే రేకు) పెట్టి చూడండి. గేజ్ వెనక వెలుతురు కనిపిస్తే తీసుకోవద్దు. అతుకు వెల్డింగ్ వేసి ఇస్తామంటే అసలు ఒప్పుకోవద్దు.