ఆషాఢం తర్వాత గుర్రాన్ని తాడు మీద తిప్పేముందు

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. ఊరేగింపు గుర్రాలకు నెల రోజులు పని దొరకదు. రైడింగ్ స్కూళ్ళలో కూడా ముసురు పట్టిందంటే వరసగా నాలుగైదు రోజులు గుర్రాలు లాయం దాటవు. శ్రావణం రాగానే అలాంటి గుర్రాన్ని నేరుగా బ్యాండుమేళం ముందుకో, పిల్లల స్వారీకో తీసుకెళ్ళడం చాలా ప్రమాదం. ముందు పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పి ఒళ్ళు సడలించాలి. లాంజింగ్ అంటే ఇదే. విశ్రాంతిలో పేరుకున్న ఊపంతా ఒక్కసారి బయటికొచ్చేది కూడా ఇక్కడే. 400 కిలోల జంతువు తెగించి లాగితే ఏ మనిషీ తాడుతో ఆపలేడు. అందుకని అదుపంతా మీరు ఎక్కడ నిలబడ్డారన్న దాని మీదే ఆధారపడుతుంది. దానికి ముందు దాణా సంగతి చూడాలి.

పని ఆగిన రోజు నుంచే ఉలవలు, ఓట్స్ సగానికి తగ్గించి గడ్డి పెంచండి. పనికి తీసే రోజు పొద్దున తగ్గించి లాభం లేదు. నిండు దాణాతో నిలబెట్టిన గుర్రాన్ని ఒక్కసారిగా పరుగెత్తిస్తే తొడ, పిరుదు కండరాలు బిగుసుకుపోతాయి. మొదలుపెట్టిన కాసేపటికే వెనక కాళ్ళ అంగలు పొట్టివైతే, విపరీతంగా చెమట పడితే, కదలనని మొరాయిస్తే, మూత్రం కాఫీ రంగులో వస్తే అక్కడే ఆపేయండి. లాయం దాకా కూడా నడిపించకండి. నీళ్ళు దగ్గర పెట్టి పశువైద్యుణ్ణి అక్కడికే పిలిపించండి. పొగరనుకుని కొట్టి నడిపిస్తే కండరం మరింత చితికి, ఆ మలినం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లాంజింగ్‌కు ముందు రెండు మూడు రోజులు రోజుకు అరగంట చేత్తో పట్టి నడిపిస్తే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

నేలను మడమతో నొక్కి చూడండి. నీరు ఊరితే ఆ రోజు వద్దు. నల్లరేగడి తడిస్తే డెక్కను పట్టేసి లాడాన్ని ఊడలాగుతుంది. ఎర్రమట్టి పైపొర జారుతుంది. నీరు నిలవని ఇసుక నేల మంచిది. వలయం 15 నుంచి 20 మీటర్ల వెడల్పుండాలి. అంతకంటే చిన్న వలయంలో పరుగెత్తిస్తే కీళ్ళ మీద భారం పడుతుంది. మూడేళ్ళు నిండని గుర్రానికైతే అసలు వద్దు. చుట్టూ కంచె లేకపోతే మైదానం మూలలో పెట్టుకోండి. రెండు వైపులా గోడో కంచో ఉంటుంది, గేటు మాత్రం మూసి ఉండాలి.

తాడు 8 నుంచి 10 మీటర్లు, అంగుళం వెడల్పున్న నూలు పట్టీ అయితే మేలు. నైలాన్ తడిస్తే జారుతుంది, లాగినప్పుడు అరచేతిని కోస్తుంది. చేతి తొడుగులు, హెల్మెట్, మడమ ఉన్న మూసిన బూట్లు తప్పనిసరి. ఉంగరాలు తీసేయండి, చున్నీ ఉంటే నడుముకు బిగించండి. లాయంలో తలకు వేసే మామూలు పట్టీల హాల్టర్‌కు తాడు కట్టకండి. గుర్రం లాగగానే అది తిరిగిపోయి, చెంపపట్టీ అవతలి కంట్లోకి ఎక్కుతుంది. బిట్టుకు, అంటే నోట్లో పెట్టే కడ్డీకి, లోపలివైపు రింగుకు మాత్రమే తగిలిస్తే గట్టిగా లాగినప్పుడు బిట్టు నోట్లోంచి పక్కకు జారుతుంది. ముక్కుపట్టీ మీద రింగుండే కావెసన్ వేసి, నడిమి రింగుకు తగిలించడం అన్నిటికన్నా నయం. దవడ పట్టీ బిగువుగా లేకపోతే కావెసన్ కూడా తిరిగిపోతుందని మరవకండి. జీను వేసి ఉంటే రికాబులు పైకి ఎక్కించి కట్టేయాలి. మొదటి రోజు సైడ్ రెయిన్స్, అంటే బిట్టు నుంచి రెండు పక్కలా జీనుకు కట్టే పట్టీల జోలికి పోవద్దు. ఊపు మీదున్న గుర్రం తల బిగిసిపోయిందనుకుంటే ముందుకాళ్ళెత్తి వెనక్కి పడిపోగలదు.

తాడును చేతికి ఎన్నడూ చుట్టుకోకండి. అటూ ఇటూ మడతలుగా పేర్చి అరచేతిలో పట్టుకుంటే, ఒక్కొక్క మడతా దానంతటది జారుతుంది. చివర కుట్టిన వంకీలోకి మణికట్టు దూర్చడం కూడా అంతే ప్రమాదం. చుట్టిన తాడు బిగుసుకుంటే వేళ్ళు తెగిపోవచ్చు. గుర్రం ఎడమకు తిరిగేటప్పుడు తాడు ఎడమ చేతిలో, కొరడా కుడి చేతిలో ఉండాలి. మీ పొట్ట గుర్రం భుజానికి కాస్త వెనక, తంగు పట్టీకి ఎదురుగా ఉండాలి. భుజం దాటి ముందుకొస్తే గుర్రం ఆగుతుంది, లేదా లోపలికి తిరుగుతుంది. పిరుదు వెనక్కి జరిగితే తరిమినట్టవుతుంది. పొరపాట్లలో చాలా భాగం ఈ రెండడుగుల తేడాలోనే ఉన్నాయి.

బయటికి పంపే క్షణంలో చాలా జాగ్రత్త. వదిలారని తెలియగానే గుర్రం పిరుదు మీవైపు తిప్పి తన్నుతుంది. అందుకే తల మీవైపు ఉండగానే మీరు రెండడుగులు వెనక్కి జరగండి. కొరడా కొనను భుజం వైపు చూపిస్తే అది భుజంతో బయటికి జరుగుతుంది. వెనక్కి చూపిస్తే మాత్రం దూకుతుంది. మొదట తాడు 3, 4 మీటర్లే వదిలి మీరూ పక్కన నడుస్తూ, మూడు నాలుగుసార్లు “హో” అని ఆపించండి. మాటకు ఆగని గుర్రాన్ని 10 మీటర్ల దూరానికి పంపకండి.

గుర్రం వలయం నుంచి తప్పించుకోవాలని చూసేది సాధారణంగా ఒకే చోట, లాయంవైపో గేటువైపో. మెడ నిటారుగా చాచి తల బయటికి తిప్పిందంటే ఆట ముగిసినట్టే, అప్పుడు లాగితే మీరే ఈడ్చుకుపోబడతారు. ఆ చోటుకు రెండు మూడు అంగల ముందే తాడు మీద పిడికిలి బిగించి వదలండి, మళ్ళీ బిగించి వదలండి. ముక్కు కాస్త లోపలికి తిరిగి ఉన్నంతసేపు అది నేరుగా పారిపోలేదు. ఎడతెగని లాగుడుకు మాత్రం గుర్రం ఆనుకుని మరింత బలంగా లాగుతుంది. చేయి దాటిపోతే తాడు వదిలేయండి. వెంటపడకండి. మిగతావాళ్ళు తమ గుర్రాలను ఆపుకోవాలి, గేట్లు మూయాలి.

కొన్ని గుర్రాలు వలయం కుదించుకుంటూ మీ మీదికొస్తాయి. ఒక్కడుగు వెనక్కి వేశారంటే మీదికి రావడం పనిచేస్తుందని వాటికి నేర్పినట్టే. నిలబడి కొరడాను భుజం వైపు చూపండి. గెంతుతుంటే తాడున్న చేయి పైకెత్తి, మాటతో ముందుకు నడపండి. తల కిందికి దించకుండా గుర్రం గట్టిగా గెంతలేదు. ముందుకాళ్ళు ఎత్తితే తాడు వదులు చేసి, పిరుదువైపు జరిగి ముందుకు పంపండి. కొట్టడం వల్ల ఈ మూడూ పెరుగుతాయి. కొరడా నేలకు దగ్గరగా ఉండాలి, వైపు మార్చేటప్పుడు కొన వెనక్కి వచ్చేలా చంకలో పెట్టుకోవాలి.

మొదటి రోజు మొత్తం 15 నిమిషాలు చాలు: ముందు 5 నిమిషాలు నడక, మూడు నాలుగు నిమిషాలకొకసారి వైపు మార్పు. అలవాటయ్యాక కూడా 20 దాటనివ్వకండి. వానాకాలపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. విశ్రాంతిలో గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది, నాడి 28 నుంచి 44 ఉంటుంది. పని ఆపిన పావుగంటకు నాడి 60 కంటే కిందికి రాకపోతే నీళ్ళు పోసి, గాలి తగిలేలా నీడలో నిలపండి. మర్నాడు పని తగ్గించండి.

ఆపేటప్పుడు గుర్రాన్ని లోపలికి లాగకండి. వలయం మీదే నిలబెట్టి, తాడు మడతలు పేర్చుకుంటూ మీరే భుజం దగ్గరికి నడవండి. తర్వాత గుర్రం కాళ్ళకు బూట్లు కట్టి ఉంటే విప్పి ఇసుక దులపండి, నాలుగు డెక్కలూ ఎత్తి లాడాలు కదులుతున్నాయేమో చూడండి, కాళ్ళు తుడిచి ఆరబెట్టండి.