ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు చేయందించడం ఎలా?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ పంపడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. కాపీ చేసుకుని, మార్చి, పుల్ రిక్వెస్ట్ (నా మార్పును కలుపుకోండన్న అభ్యర్థన) పెట్టేయొచ్చు. అయితే పంపడం వేరు, పంపింది ప్రాజెక్టులో కలవడం వేరు. ఆ రెండింటికీ మధ్య మెయింటెయినర్ ఉంటారు. వచ్చిన మార్పును చదివి, నడిపి చూసి, రేపు అందులో ఏ తేడా వచ్చినా సరిచేసే పూచీ తన మీద వేసుకునే మనిషి. చాలా ప్రాజెక్టుల్లో ఈ పనికి జీతం ఉండదు. ఉద్యోగమూ ఇల్లూ పోగా మిగిలిన సమయంలోనే చేస్తారు. కోడ్ రాసేవాళ్లకు కొరత లేదు, చదివి బాధ్యత తీసుకునేవాళ్లకే కొరత. కాబట్టి ఏ మెట్టు దగ్గరైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నేను చేస్తున్నది ఆ మనిషి సమయాన్ని మిగులుస్తుందా, తినేస్తుందా?

ఇది మంచీ మర్యాదలతో ఆగిపోయే విషయం కాదు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ లినక్స్ వ్యవస్థల్లో దాదాపు అంతటా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ప్రధానంగా ఒక్కరే చూసుకున్నారు. ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) ఆలస్యమవుతున్నాయని, ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించాలని 2022లో ఆయన మీద ఒత్తిడి పెరిగింది. ఇది జీతం లేని పని అనీ, తన మానసిక ఆరోగ్యం బాగోలేదనీ ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సమయంలోనే ఓపికగా ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించిన కొత్త వ్యక్తికి ప్రాజెక్టులో అధికారాలు దక్కాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది ఆ చేతుల మీదుగానే. దాన్ని పట్టుకున్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు పనిచేసే డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయన తవ్వుకుంటూ వెళ్లారు. అలసిన మెయింటెయినర్‌ను తొందరపెట్టడం వల్ల ఎంత ముప్పు వచ్చిందో, ఓపికగా కారణం వెతికిన ఒక్క మనిషి వల్ల ఎంత మేలు జరిగిందో రెండూ ఈ ఒక్క ఉదంతంలోనే ఉన్నాయి.

1. మీరు వాడే ప్రాజెక్టునే ఎంచుకోండి

రోజూ వాడే లైబ్రరీ, ఎడిటర్, బ్రౌజర్, చిన్న కమాండ్‌లైన్ పరికరం, ఏదైనా సరే. వాడేవాళ్లకే దాని లోటుపాట్లు తెలుస్తాయి. పేరున్న ప్రాజెక్టులో నా పేరూ ఉండాలన్న కోరికతో మొదలుపెడితే చేయాల్సిన పని కనిపించదు, పని వెతుక్కోవాల్సి వస్తుంది. 2020 అక్టోబరులో ఇలాంటిదే జరిగింది. పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ఆ టీషర్టు కోసం వేలం వెర్రిగా రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ ఫైలు)లో ఒకటి రెండు పదాలు మార్చి పుల్ రిక్వెస్టులు పంపారు. వాటిని మూసుకుంటూ కూర్చోవడమే మెయింటెయినర్లకు పనైపోయింది. చివరికి, తమంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు నియమం మార్చారు.

ప్రాజెక్టు బతికే ఉందా అన్నదీ చూసుకోండి. ఈమధ్య కమిట్లు (కోడ్‌లో నమోదైన మార్పులు) పడుతున్నాయా, బయటివాళ్ల పుల్ రిక్వెస్టులకు జవాబులు వస్తున్నాయా అని ఒక పది నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

2. నియమాలు ముందే చదవండి

రీడ్‌మీ, కాంట్రిబ్యూటింగ్ (మార్పులు పంపే పద్ధతి), కోడ్ ఆఫ్ కాండక్ట్ (ప్రవర్తనా నియమావళి), లైసెన్స్ అనే ఫైళ్లు సాధారణంగా మొదటి పేజీలోనే ఉంటాయి. ఒక చోటి పద్ధతి ఇంకో చోట చెల్లదు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు, చాలా ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్ సైటులో పుల్ రిక్వెస్ట్ పెడితే ప్రయోజనం లేదు. అక్కడ ప్యాచ్‌లు ఈమెయిల్‌లో వెళ్లాలి, ప్రతి ప్యాచ్ కిందా ‘సైన్డ్ ఆఫ్ బై’ అనే వరుసలో మీ పేరుండాలి. ఈ కోడ్‌ను పంపే హక్కు నాకుందని మీరిచ్చే హామీ అది. 2004 నుంచీ ఆ పద్ధతి నడుస్తోంది. కొన్ని ప్రాజెక్టులు విడిగా ఒప్పంద పత్రం మీద సంతకం అడుగుతాయి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ కంపెనీ ఒప్పందం కూడా ఒకసారి తిరగేయాలి. తీరిక వేళల్లో రాసిన కోడ్ మీద కూడా కంపెనీకి హక్కుండే ఒప్పందాలు ఉంటాయి.

ఏఐ పరికరాలతో రాసిన కోడ్ విషయంలోనూ నియమాలు వేరువేరు. జెంటూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు 2024 ఏప్రిల్‌లో దాన్ని నిషేధించింది, మరుసటి నెలలో నెట్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు ఆంక్ష పెట్టింది. ఇంకొన్ని చోట్ల వాడొచ్చు కానీ వాడిన సంగతి చెప్పాలి. నియమం ఏదైనా, మీరు చదివి అర్థం చేసుకోని ఒక్క వరుస కూడా పంపవద్దు. ఇంటర్నెట్‌లో డేటా పంపుకోవడానికి వాడే కర్ల్ అనే పరికరాన్ని 1998 నుంచి నడిపిస్తున్న డేనియల్ స్టెన్‌బర్గ్, ఏఐ అల్లిన లేనిపోని భద్రతా లోపాల నివేదికలు తమ బృందం సమయాన్ని ఎలా హరిస్తున్నాయో పదేపదే చెబుతూ వచ్చారు. అలాంటి నివేదిక రాయడానికి నిమిషం చాలు. అది నిజం కాదని తేల్చడానికి తెలిసినవాళ్లకే గంటలు పడుతుంది.

3. కోడ్ కంటే ముందు బగ్ రిపోర్ట్

కొత్తవాళ్లు నేరుగా కోడ్‌లోకి దూకుతారు. నన్నడిగితే, ఒక మంచి బగ్ రిపోర్ట్ రాయడమే మొదటి సాయం కావాలి. దాని విలువను చాలామంది తక్కువ అంచనా వేస్తారు.

ముందు వెతకండి. మూసేసిన ఇష్యూల్లో (ప్రాజెక్టు పేజీలో సమస్యలు రాసే చోట) కూడా. ఇదే సమస్య ఎవరైనా రాసి ఉంటే కొత్తది తెరవొద్దు. ‘నాకూ ఇదే’ అని కింద రాయొద్దు, దాన్ని గమనిస్తున్న ప్రతి ఒక్కరికీ ఒక నోటిఫికేషన్ వెళ్తుంది. బొటనవేలు గుర్తు నొక్కితే సరిపోతుంది. మీ దగ్గర కొత్త ఆధారం ఉంటే మాత్రం తప్పకుండా రాయండి.

కొత్త సమస్యే అయితే, మీ మాటలు మాత్రమే చదివి అవతలి మనిషి తన కంప్యూటర్లో అదే తప్పును రప్పించగలగాలి. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏమేం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, నిజంగా ఏం జరిగింది అన్నవన్నీ ఉండాలి. ఎర్రర్ సందేశాన్ని బొమ్మగా కాక అక్షరాలుగా అతికించండి. బొమ్మలో ఉన్నదాన్ని వెతకలేరు, కాపీ చేయలేరు. మీ ప్రోగ్రామ్ మొత్తం పంపకుండా, తప్పు వస్తున్నంత వరకూ ఒక్కో ముక్కా తీసేస్తూ పోయి, చివరికి మిగిలిన పది పదిహేను వరుసలు పంపండి. ఈ కోత చేస్తుండగానే కారణం చాలాసార్లు మీకే దొరుకుతుంది, ఒక్కోసారి తప్పు మన కోడ్‌లోనే ఉందని తేలుతుంది.

పాత వెర్షన్‌లో పనిచేసి కొత్తదాంట్లో చెడిపోయిందా? అయితే కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే పరికరంలోని బైసెక్ట్ ఆదేశం వాడండి. పనిచేసిన కమిట్ ఒకటి, చెడిన కమిట్ ఒకటి చూపిస్తే, అది మధ్యలో సగానికి తీసుకెళ్లి పరీక్షించమంటుంది. ఫలితం చెబితే మళ్లీ సగం. వెయ్యి కమిట్లున్నా సుమారు పది పరీక్షల్లో అసలు కమిట్ బయటపడుతుంది. ఆ కమిట్ నంబరు జతచేసిన రిపోర్టు చూస్తే ఏ మెయింటెయినర్‌కైనా ప్రాణం లేచివస్తుంది. ఎందుకంటే కష్టమైన సగం పని అయిపోయింది.

ఒక్క మినహాయింపు. ఇతరుల డేటాకో కంప్యూటర్‌కో ప్రమాదం తెచ్చే భద్రతా లోపం కనిపిస్తే బహిరంగంగా ఇష్యూ తెరవొద్దు. సెక్యూరిటీ అనే ఫైల్లో ఇచ్చిన దారిలో గుట్టుగా చెప్పండి. సవరణ వచ్చేదాకా బయట మాట్లాడకండి.

డాక్యుమెంటేషన్, అనువాదం కూడా అసలైన సాయాలే. మీరు ఇన్‌స్టాల్ చేసుకుంటూ ఎక్కడ చిక్కుకున్నారో అక్కడే పత్రంలో ఒక వాక్యం లోపించి ఉంటుంది. ఆ వాక్యాన్ని పాతవాళ్లు రాయలేరు, ఆ చిక్కు వాళ్లకు ఎప్పుడో గుర్తులేకుండా పోయింది.

4. రాసేముందు అడగండి

అచ్చుతప్పు, స్పష్టంగా కనిపిస్తున్న చిన్న బగ్ అయితే నేరుగా పంపొచ్చు. కొత్త సదుపాయమైతే ముందు ఇష్యూలో చర్చించండి. మీకేం అవసరం, ఎందుకు, ఎలా చేద్దామనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో రాయండి. రెండు వారాలు కూర్చుని వెయ్యి వరుసలు రాశాక ‘ఇది మా ప్రాజెక్టు పరిధిలోకి రాదు’ అన్న జవాబు వస్తే ఇద్దరికీ బాధే.

కొత్తవాళ్ల కోసమని ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అన్న గుర్తు పెట్టిన ఇష్యూలు ఉంటాయి. వాటిలో ఒకటి తీసుకుంటే, ఇది నేను చేస్తానని చెప్పండి. మీరు చేస్తానన్నారని మిగతావాళ్లు దాని జోలికి రారు కాబట్టి, కుదరకపోతే ఆ మాట కూడా చెప్పి వదిలేయండి. ‘నావల్ల కాలేదు, ఇంతవరకు తెలుసుకున్నాను’ అని రాయడంలో చిన్నతనమేమీ లేదు. తర్వాత వచ్చేవాళ్లకు అది మొదటి మెట్టు అవుతుంది.

5. చిన్న మార్పు, శుభ్రమైన మార్పు

ప్రాజెక్టును ఫోర్క్ చేసి (మీ ఖాతాలోకి కాపీ చేసుకుని), మీ కంప్యూటర్‌కు క్లోన్ చేసుకుని (దించుకుని), ఈ పనికి విడిగా ఒక బ్రాంచ్ (మార్పుల శాఖ) తీయండి. ఏమీ మార్చకముందే టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే ప్రోగ్రాములు) ఒకసారి నడపండి. అప్పుడే ఫెయిలయ్యేవి ఉంటే తెలిసిపోతుంది, తర్వాత అది మీ తప్పేమోనని తలపట్టుకోనక్కర్లేదు.

ఒక పుల్ రిక్వెస్టులో ఒకే పని ఉండాలి. బగ్ సరిచేస్తూ, దారిలో కనిపించిందని పక్క ఫంక్షన్ పేరు మార్చడం, ఎడిటర్ దానంతటది ఫైలంతా ఖాళీలు సర్దేయడం... ఇవే రివ్యూను చంపేసేవి. అసలు మార్పు మూడు వరుసలైతే, రివ్యూ చేసేవాళ్లకు మూడు వందలు కనిపిస్తాయి. పంపేముందు గిట్ డిఫ్ (మారిన వరుసలను చూపే ఆదేశం) తెరిచి, ఎవరో పంపిన కోడ్ అనుకుని వరుస వరుసా చదవండి.

మీ మార్పు లేకపోతే ఫెయిలయ్యి, ఉంటే పాసయ్యే టెస్టు ఒకటి జతచేయండి. మీరు వెళ్లిపోయాక ఆ సవరణను కాపాడేది ఆ టెస్టే. శైలి విషయంలో మీ ఇష్టం పక్కనపెట్టి, చుట్టూ ఉన్న కోడ్ ఎలా ఉంటే అలా రాయండి.

కమిట్ సందేశంలో ఏం మారిందన్నది క్లుప్తంగా, ఎందుకు మారిందన్నది వివరంగా రాయండి. ఏం మారిందో కోడే చూపిస్తుంది. ఎందుకన్నది మీరు రాయకపోతే ఇంకెక్కడా దొరకదు. అయిదేళ్ల తర్వాత ఎవరో ఒక వరుస దగ్గర ఆగి, ఇది ఎందుకిలా ఉందని గిట్ బ్లేమ్ (ఏ వరుస ఏ కమిట్‌లో మారిందో చూపే ఆదేశం) కొడితే వాళ్లకు కనిపించేది మీ సందేశమే.

6. రివ్యూ

పుల్ రిక్వెస్ట్ వివరణలో సంబంధిత ఇష్యూ నంబరు, మీరు ఎలా పరీక్షించారు, మీకు అనుమానంగా ఉన్న చోటు రాయండి. అనుమానాన్ని దాచొద్దు. ‘ఈ భాగం విండోస్‌లో నడిపి చూడలేకపోయాను’ అని రాస్తే అవతలివాళ్లు ఎక్కడ చూడాలో తెలిసి సంతోషిస్తారు. ఆటోమేటిక్ పరీక్షల్లో ఎర్ర గుర్తు పడితే, ఎవరో చెప్పేదాకా ఆగకుండా లాగ్ తెరిచి చూడండి.

వ్యాఖ్యలు వస్తాయి, కొన్ని ముక్కుసూటిగా ఉంటాయి. ‘దీన్ని విడగొట్టండి’ అంటే మీ మీద కోపమని కాదు, రోజుకు పది రివ్యూలు రాసే చేతికి అంతకంటే తీరిక ఉండదు. ప్రతి వ్యాఖ్యకూ జవాబుండాలి: మార్చాననో, మార్చకపోతే ఫలానా కారణం వల్లనో. ఒప్పుకోలేకపోతే ఆధారంతో మాట్లాడండి, కొలిచిన వేగమో, ఫెయిలయ్యే ఉదాహరణో చూపండి. వ్యక్తిని కించపరిచే మాట ఎటునుంచి వచ్చినా అది వేరే సంగతి. అది మీరు భరించాల్సిన పనిలేదు, కోడ్ ఆఫ్ కాండక్ట్‌లో చెప్పినవారికి తెలియజేయండి.

జవాబే రాకపోతే? కెర్నెల్ పత్రాలు కనీసం వారం ఆగమంటాయి. చిన్న ప్రాజెక్టులకు ఇంకా ఎక్కువే ఇవ్వండి. తర్వాత ఒక్క వాక్యం: ‘దీన్ని ముందుకు తీసుకెళ్లడానికి నేను చేయగలిగింది ఏమైనా ఉందా?’ మెయింటెయినర్ సొంత ఈమెయిల్‌కో, సోషల్ మీడియాకో వెళ్లి అడగడం మాత్రం వద్దు.

వద్దంటే, కారణం అడిగి తెలుసుకుని వదిలేయండి. మీరు ఒక వారం రాసిన సదుపాయాన్ని వాళ్లు పదేళ్లు మోయాలి. అది మీకు తప్పనిసరి అయితే మీ ఫోర్క్‌లో ఉంచుకుని వాడుకోవచ్చు. ఆ హక్కు లైసెన్సే ఇచ్చింది.

7. కలిశాక

మెర్జ్ అయిన తర్వాతి విడుదల వరకైనా నోటిఫికేషన్లు ఆపేయొద్దు. మీ మార్పు వల్ల ఎక్కడో ఏదో విరిగిందని ఇష్యూ వస్తే, మెయింటెయినర్ కంటే ముందు మీరే వెళ్లి చూడండి. సవరణ వెంటనే తోచకపోతే, ఆ మార్పును వెనక్కి తీసేయమని మీరే చెప్పండి.

ఇంకా ఉండాలనిపిస్తే, కోడ్ రాయడం కాస్త తగ్గించి ఇతరుల ఇష్యూలు చదవండి. తప్పు మీ దగ్గరా వస్తోందో లేదో నడిపి చూసి, వెర్షన్‌తో సహా రాయండి. కొత్తగా వచ్చినవాళ్ల పుల్ రిక్వెస్టును డౌన్‌లోడ్ చేసుకుని పరీక్షించి, పనిచేసిందో లేదో చెప్పండి. దీనికి ఎవరి అనుమతీ, ఏ పదవీ అవసరం లేదు. అలాంటి పరీక్ష ఫలితం ఒకటి కింద ఉన్న పుల్ రిక్వెస్టునే మెయింటెయినర్లు ముందు తెరుస్తారు.