లావు గుండ్రటి అక్షరం ఎక్కడ చెడుతుంది? బాలూ తమ్ముడు ఫాంటుతో వచ్చే చిక్కులు, సరిచేసే దారులు

పూతరేకుల డబ్బా, ఆటో వెనక రేడియం పేరు, కనుమనాటి ప్రభల తీర్థానికి ఫ్లెక్సీ. కోనసీమలో డిటిపి పనికి కూర్చుంటే ఇవే ఎక్కువ. వీటికి నేను తీసేది బాలూ తమ్ముడు. ముంబయిలో ఫాంట్లు గీసే ఎక్ టైప్ వాళ్లు చేశారు. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కాబట్టి వ్యాపారానికి వాడినా డబ్బు కట్టక్కర్లేదు. గీతల చివర్లు మెత్తగా తిరిగి ఉంటాయి, మన అక్షరాల గుండ్రానికి చక్కగా అతుకుతాయి.

సమస్య: చిన్న అక్షరాల కడుపు పూడిపోయింది

డబ్బా మీద 'ఆత్రేయపురం' ముద్దుగా ఉంది. కింద 'ధర' మాత్రం 'దర' అయిపోయింది. లావు గీత చిన్న సైజులో ధ కింది చిన్న గీతని మింగేస్తుంది. చాలాసార్లు అసలు తప్పు అక్షరాన్ని లావు చేసే బి బటన్‌ది. ఎక్స్‌ట్రాబోల్డ్ మీద మళ్లీ బి నొక్కితే సాఫ్ట్‌వేర్ దొంగ లావు తెస్తుంది. దీని కొత్త రూపం బాలూ తమ్ముడు 2లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా 5 మందాలున్నాయి, జాబితాలోంచే ఎంచుకోండి. బరువు, ధర, చిరునామాలకు నోటో సాన్స్ తెలుగు ఫాంటు చాలు.

సమస్య: పై వరుస ఒత్తు కింది వరుసకు తగులుతోంది

పైన 'స్వచ్ఛమైన నేతి', కింద 'పూతరేకులు' వేసి చూడండి. ఛ ఒత్తు దిగి కింది అక్షరం నెత్తిన కూర్చుంటుంది. ఇంగ్లీషుకి సరిపోయే 120 శాతం లీడింగ్ (వరుసల మధ్య దూరం) మనకు చాలదు. 140 నుంచి మొదలుపెట్టండి. చోటు చాలకపోతే సైజు తగ్గించండి గానీ అక్షరాన్ని నిలువునా నొక్కకండి. అడ్డగీతలు సన్నబడి, నిలువు గీతలు లావుగానే ఉండిపోయి, గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది.

సమస్య: రేడియం కటింగ్‌లో తలకట్టు ఊడి వస్తోంది

నన్ను అన్నిటికంటే ఏడిపించింది ఇదే. స్క్రీన్ మీద పేరు నిండుగా కనిపిస్తుంది. ప్లాటర్ (స్టిక్కర్ కోసే యంత్రం) కోశాక స్టిక్కర్ ఎత్తితే తలకట్టు ఒక ముక్క, అక్షరం ఒక ముక్క. అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉండే వేరియబుల్ ఫాంటులో ఈ భాగాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. రంగు ఒకటే కాబట్టి కంటికి ఆనదు, బ్లేడు మాత్రం ప్రతి గీత వెంటా నడుస్తుంది.

కోరెల్‌డ్రాలో పేరుని కర్వ్స్‌గా (ఉత్త గీతలుగా) మార్చి వెల్డ్ (ముక్కల్ని ఒకటిగా అతికే ఆదేశం) కొట్టండి. కంబైన్ కొడితే ఎక్కిన చోటల్లా చిల్లులు పడతాయి. వెల్డ్‌కి ముందు బ్రేక్ అపార్ట్ (ముక్కలుగా విడదీయడం) చేస్తే అక్షరం లోపలి ఖాళీలు మూసుకుపోతాయి, ఆ పొరపాటు చేయొద్దు. తర్వాత గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్‌లో ఒక్కో అక్షరాన్నీ చూడండి. అక్షరం లోపల అడ్డంగా గీత కనబడితే పని అవ్వనట్టే.

సమస్య: తెల్ల బోర్డర్ వేస్తే అక్షరం సన్నబడింది

బోర్డర్ సగం లోపలికి తింటోంది. ఔట్‌లైన్ పెన్‌లో బిహైండ్ ఫిల్ టిక్ పెట్టి, మూలలు గుండ్రంగా ఉంచండి.

సమస్య: అనులో కొట్టిన మేటర్ పిచ్చి గుర్తులయింది

తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అను పాత ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కావు, బాలూ తమ్ముడేమో యూనికోడ్ ఫాంటు. కన్వర్టర్‌లో మార్చాక ఒత్తులన్నీ ఒకసారి చదవండి.