డ్రయాడ్ అనే పేరు పుట్టుకను విడదీసి చూడటం ఎలా

గ్రీకు పురాణాలలోని వృక్షదేవతను సూచించే ‘డ్రయాడ్’ అర్థం తెలుసుకోదలచినవారు ముందుగా దాని మూలమైన ‘ద్రూస్’ అనే గ్రీకు పదాన్ని గుర్తించాలి. ఓక్ చెట్టును తెలిపే ఆ పదం విస్తృతార్థంలో ఏ చెట్టుకైనా వర్తించేది.

తరువాత దానిని సోదర భాషలతో పోల్చాలి. సంస్కృత ‘దారు’, దాని నుండి మనకు వచ్చిన ‘దారువు’, ‘దేవదారు’, ఇంగ్లీషు ‘ట్రీ’ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞులు భావిస్తారు. అయితే ధ్వని కలిసిందన్న ఒక్క కారణంతో ‘ద్రావిడ’ వంటి మాటలను ఇందులో చేర్చరాదు. ఇటువంటి ఊహలు ఎంత ఆకర్షణీయమో అంత ప్రమాదకరం.

చివరగా ‘హమడ్రయాడ్’ అనే రూపంలో ‘డ్రయాడ్’కు ముందు చేరిన పదాన్ని పరిశీలించాలి. ‘హమా’ అంటే ‘కలిసి’ కనుక, ‘హమడ్రయాడ్’ అంటే తన చెట్టుతోపాటే పుట్టి, అది కూలినప్పుడు మరణించే దేవత. తూర్పు కనుమలలోనూ కనిపించే రాచనాగుకు ఇంగ్లీషులో ఇదే పేరు ఉన్నందువల్ల, నిఘంటువు చూసేటప్పుడు సందర్భాన్ని గమనించాలి.